కొత్త పార్టీ పెడుతున్నారట, చేరమంటారా? ఒంగోలు, నెల్లూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలు దగ్గర్లో ఉన్నా లేకపోయినా కొత్త పార్టీ మాట మన వైపు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. ఫలానా మాజీ మంత్రి పెడుతున్నాడట, ఎవరో రిటైర్డ్ ఆఫీసర్ పెడుతున్నాడట, ఆవిర్భావ సభ మన దగ్గరేనట. అప్పుడు కుర్రాళ్లు, రైతులు, బయటి దేశాల్లో ఉన్న మన బంధువులు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఏ ఒక్క నాయకుణ్ణో దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు, ఎవరు పెట్టినా ఇవే వర్తిస్తాయి. నేను ఏ పార్టీలోనూ సభ్యుణ్ణి కాదు. కొత్త పార్టీలు రావాలని గట్టిగా కోరుకునేవాణ్ణి, అందుకే వచ్చేవాళ్లని మొదటి రోజే నిలదీయాలి అంటాను.

సభ పెట్టి పేరు ప్రకటిస్తే పార్టీ అయిపోయినట్టేనా?

కాదు. జెండా ఎగరేయడం రాజకీయంగా పెద్ద సంగతే, చట్టం లెక్క మాత్రం వేరు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ ప్రకారం పార్టీ ఏర్పడిన 30 రోజుల్లోపు ఎన్నికల సంఘానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఫీజు 10,000 రూపాయలు. కనీసం 100 మంది సభ్యులుండాలి, అందరూ ఓటర్లై ఉండాలి, ఇంకే రిజిస్టర్డ్ పార్టీలోనూ లేమని అఫిడవిట్లు ఇవ్వాలి. తర్వాత పేపర్లలో ప్రకటన ఇచ్చి, ఆ పేరు మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని గడువు ఇస్తారు. ఇదంతా అయ్యేసరికి నెలలు పడుతుంది.

దరఖాస్తుతో పాటు పార్టీ నియమావళి కూడా ఇవ్వాలి. దీన్ని మాత్రం ఎవరూ చదవరు. అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకుంటారు, ఎన్నేళ్లకోసారి, మండల కమిటీని నియమిస్తారా ఎన్నుకుంటారా, సభ్యుణ్ణి తీసేయాలంటే పద్ధతేమిటి, ఇవన్నీ అందులోనే ఉంటాయి. కండువా వేయించుకునే ముందు ఆ కాగితం ఒక కాపీ అడగండి. ఇవ్వడానికి ఇబ్బంది పడుతున్నారంటే ఆ పార్టీలో మీ మాట ఎంతవరకు చెల్లుతుందో అప్పుడే అర్థమైపోతుంది.

రిజిస్టర్డ్ పార్టీకి, గుర్తింపు పొందిన పార్టీకి తేడా ఏంటి?

రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టుకుంటే వచ్చేది. గుర్తింపు ఓట్లు తెచ్చుకుంటే వచ్చేది. అసెంబ్లీ ఎన్నికల్లో చెల్లిన ఓట్లలో 6 శాతం, దాంతోపాటు 2 ఎమ్మెల్యే సీట్లు వస్తే రాష్ట్ర పార్టీగా గుర్తిస్తారు. సీట్లు రాకపోయినా 8 శాతం ఓట్లు వస్తే సరిపోతుంది. ఇంకా ఒకటి రెండు దారులున్నాయి కానీ ముఖ్యమైనవి ఇవి. మన రాష్ట్రంలో 2024లో పోలైన ఓట్లు మూడు కోట్లకు పైనే, అంటే 6 శాతమంటే సుమారు 20 లక్షల ఓట్లు. స్టేజీ కింద ఎంత జనం కనిపించినా ఈ అంకె మర్చిపోకండి.

గుర్తు సంగతి ఏంటి? మొదటి ఎన్నికకే అందరికీ ఒకే గుర్తు వస్తుందా?

గుర్తింపు లేని పార్టీకి సొంత గుర్తు ఉండదు. ఖాళీగా ఉన్న గుర్తుల్లోంచి ఒకటి ఉమ్మడిగా ఇమ్మని ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి రాష్ట్రంలో కనీసం 5 శాతం సీట్లలో పోటీ చేయాలి. 175లో 5 శాతం అంటే 9 సీట్లు. తాను పోటీ చేయని చోట అదే గుర్తు ఇంకొకరికి పోవచ్చు. 2024లో జనసేన గాజు గ్లాసు విషయంలో ఈ టెన్షన్ అంతా చూశాం కదా, ఆ పార్టీకి రాష్ట్ర పార్టీ గుర్తింపు 2025 జనవరిలో గానీ రాలేదు.

ఎన్టీఆర్ తొమ్మిది నెలల్లో గెలిచారుగా, ఇప్పుడెందుకు కుదరదు?

కుదరదని ఎవరూ చెప్పలేరు. కానీ ఆ తొమ్మిది నెలల వెనక ఏముందో చూడకుండా ప్రతి కొత్త నాయకుడూ ఆ మాటే చెప్పుకుంటున్నాడు. 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టారు, 1983 జనవరి ఎన్నికల్లో 294లో 200కు పైగా సీట్లు గెలిచారు. అప్పుడు ఎదురుగా ఉన్నది ఒకే పెద్ద పార్టీ, కాంగ్రెస్. అది ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చి జనానికి విసుగు తెప్పించింది. ఎన్టీఆర్ చైతన్య రథం ఎక్కి రాష్ట్రమంతా తిరిగారు. చెప్పిన పథకం కూడా ఎవరికైనా అర్థమయ్యేది, కిలో బియ్యం 2 రూపాయలు. అంటే ఖాళీ ఉంది, తిరిగే మనిషి ఉన్నాడు, ఇంటికి వెళ్లి చెప్పుకోగల మాట ఉంది.

ఇప్పుడు మిగతా వాళ్ల సంగతి చూడండి. ప్రజారాజ్యం 2008 ఆగస్టులో తిరుపతిలో మొదలైంది, ఆ సభకు వచ్చిన జనాన్ని చూసినవాళ్లు ఎవరూ 18 సీట్లతో ఆగుతుందని అనుకోలేదు, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. లోక్‌సత్తా 2009లో ఒక్క సీటు దగ్గర ఆగింది. 2014లో మాజీ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి పెట్టిన జై సమైక్యాంధ్రకు ఒక్క సీటూ రాలేదు. జనసేన 2014 మార్చిలో పుట్టి, 2019లో ఒక్క సీటు గెలిచి, 2024లో పొత్తులో పోటీ చేసిన 21 చోట్లా గెలిచింది. అంటే ఓడిపోయాక కూడా పార్టీ ఆఫీసు తలుపులు తెరిచి ఉంచినవాళ్లకే ఏదో ఒకటి దక్కింది. కొత్త నాయకుణ్ణి నేనైతే ఇదే అడుగుతాను, 2029లో ఒక్క సీటూ రాకపోతే 2030లో మీరు ఎక్కడుంటారు?

మన జిల్లాల నుంచి ఇలా బయటికొచ్చి పార్టీ రాజకీయం చేసినవాళ్లు ఉన్నారా?

జిల్లా పేరే ఆయనది. టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసినవారు, అయినా ఎనభైకి దగ్గరపడిన వయసులో కాంగ్రెస్ వదిలి బయటికొచ్చారు. 1952 ఎన్నికల్లో ఆయన ఉన్న కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ మద్రాసు రాష్ట్రంలో 35 సీట్లు గెలిచింది కానీ ఆయన మాత్రం ఓడిపోయారు. అదే సంవత్సరం డిసెంబర్ 15న మన నెల్లూరు జిల్లాకు ఇప్పుడు పేరైన పొట్టి శ్రీరాములు గారు ప్రాణం వదిలారు, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ప్రకాశం గారు కాంగ్రెస్ మద్దతుతో మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది తిరిగాక మద్య నిషేధం విషయంలో వచ్చిన అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. చిన్న పార్టీతో, పొత్తులతో నడిచే రాజకీయం ఎంత సన్నటి గట్టు మీద నడకో ఈ రెండేళ్ల కథ చూస్తే చాలు.

అసలు పార్టీ పెట్టకుండా ఏదీ సాధించలేమా?

సాధించాం, అదీ మన జిల్లా నుంచే. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రి బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. రోశమ్మ గారి పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. సారా కొట్లు మూయించారు, వేలం పాటలు జరగనివ్వలేదు. ఉద్యమం జిల్లాలు దాటింది, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్య నిషేధం పెద్ద హామీ అయింది, 1995 జనవరిలో అమలైంది. ఆ ఆడవాళ్ల దగ్గర పార్టీ లేదు, గుర్తు లేదు, ఫ్లెక్సీ లేదు.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఎత్తేసే రోజు అసెంబ్లీలో లేచి అడ్డం నిలబడటానికి ఆ ఉద్యమానికంటూ సొంత ఎమ్మెల్యే ఒక్కరూ లేరు. అందుకే నేను పార్టీలు కావాలంటాను. ఉద్యమం సాధించిన దాన్ని కాపాడుకోవాలంటే చట్టసభలో మనిషి ఉండాలి.

విధానాలు ప్రకటిస్తామంటున్నారు. మంచి విధానం అని ఎలా గుర్తుపట్టాలి?

మూడు సంగతులు చూడండి: ఎవరికి, ఎంత ఖర్చుతో, ఏ తేదీకి. "రైతును రాజును చేస్తాం" విధానం కాదు. ఉదాహరణలు మన దగ్గరివే తీసుకుందాం.

వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం వెనక నుంచి కృష్ణా వరద నీళ్లు 43.5 టీఎంసీలు తీసుకొచ్చి, నాలుగు లక్షల ఎకరాలకు పైగా సాగుకు, 15 లక్షల మందికి తాగడానికి ఇవ్వాలన్నది లెక్క. నల్లమల కొండల కింద ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాలు రెండు తవ్వారు. 2024 మార్చిలో జాతికి అంకితం కూడా చేశారు. కానీ అప్పటికి ముంపు గ్రామాల వాళ్ల పునరావాసం పూర్తి కాలేదు, కాలువల పనులూ మిగిలే ఉన్నాయి. కాబట్టి "వెలిగొండ పూర్తి చేస్తాం" అని ఎవరు అన్నా చప్పట్లు కొట్టకండి, ఆ మాట ముప్పై ఏళ్లుగా ప్రతి పార్టీ చెప్పింది. నిర్వాసితులకు ఇవ్వాల్సింది ఎంత, మొదటి బడ్జెట్‌లోనే పెడతారా, ఏ మండలానికి ముందు నీళ్లు, అని అడగండి. కనిగిరి, దర్శి, మార్కాపురం పల్లెల్లో నలభై ఏళ్లకే మోకాళ్లు పట్టేసినవాళ్లు, పళ్లు గారపట్టిన పిల్లలు కనిపిస్తారు. అదంతా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ చేసిన పని. ఆ ఇళ్ల ముందు 20 లీటర్ల క్యాన్లు వరసగా పెట్టి ఉంటాయి, కూలికి వెళ్లే ఇల్లు కూడా తాగే నీళ్లు కొనుక్కుంటోంది. ఈ విషయంలో డొంకతిరుగుడు మాటలు వింటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

పొగాకు. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల దగ్గర రైతుకు అన్నిటికంటే భయం పుట్టించే మాట "నోబిడ్". బేలు తీసుకెళ్లి, రోజంతా కూర్చుని, ఎవరూ పాడకపోతే మళ్లీ ఆటో ఎక్కించుకుని ఇంటికి తెచ్చుకోవాలి. బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) కౌలు, కట్టెలు, కూలీ ఖర్చు అప్పటికే అయిపోయాయి. పొగాకు బోర్డు కేంద్ర ప్రభుత్వానిది, రాష్ట్ర పార్టీ దాన్ని మార్చలేదు. అది ఒప్పుకుని, ధర పడిపోయినప్పుడు రాష్ట్రం తరఫున ఎంత నిధితో, ఏ సంస్థతో కొనిపిస్తారో చెప్పగలిగితే అది విధానం. 2025లో బర్లీ పొగాకు కొనేవాళ్లు లేక రైతులు గోల పెడితే రాష్ట్ర సహకార సంస్థ మార్క్‌ఫెడ్ దిగి కొనాల్సి వచ్చింది కదా, అదే ముందే రాసి పెట్టుకోమంటున్నాను.

వరి. నెల్లూరులో ధాన్యం లెక్క పుట్టిల్లో, పుట్టి అంటే 850 కిలోలు. మద్దతు ధరేమో క్వింటాలుకు ప్రకటిస్తారు. కోతలప్పుడు తేమ ఎక్కువుందని, తాలు ఉందని చెప్పి తూకంలో కొంత, ధరలో కొంత తగ్గిస్తారు. రోడ్డు మీద ఆరబోసుకున్న రైతు మబ్బు పట్టగానే ఎంతకైనా ఇచ్చేస్తాడు. కొత్త పార్టీ ఇక్కడ చేయగల పని చాలా ఉంది, ఆరబెట్టే యంత్రాలు, గోదాములు, తేమ కొలిచే మీటరు రైతు కళ్ల ముందు పెట్టడం. వందల కోట్లు కూడా అక్కర్లేదు. ఇలాంటి చిన్న చిన్న పనులు ప్రణాళికలో ఉన్నాయంటే, రాసిన మనిషి కల్లం దాకా వచ్చి చూశాడని నమ్మొచ్చు.

రొయ్యల గురించి ఒక్క మాటే: అమెరికా 2025లో సుంకాలు పెంచగానే కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు పడిపోయి మన తీర రైతులు విలవిల్లాడారు, కాబట్టి కరెంటు రాయితీ దగ్గరే ఆగిపోయే ఆక్వా విధానం సరిపోదు, మన దేశంలోనే కొనేవాళ్లని తయారుచేసుకునే దారి కూడా అందులో ఉండాలి.

ఇవన్నీ చేయడానికి డబ్బులెక్కడివి అంటే ఏం చెప్పాలి?

మీరు చెప్పక్కర్లేదు, వాళ్లే చెప్పాలి. 2025-26లో రాష్ట్ర బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. అందులో జీతాలు, పింఛన్లు, వడ్డీలు, ఇప్పటికే నడుస్తున్న పథకాలు పోగా కొత్త పనులకు మిగిలేది కొంచెమే. హామీలకు నిధులు ఎలా తెస్తారో మేనిఫెస్టోలో స్థూలంగా అయినా చెప్పాలని ఎన్నికల నియమావళిలోనే ఉంది, 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చేర్చారు. చాలా పార్టీలు ఆ పేజీ రాయవు.

మేనిఫెస్టో అమలు చేయకపోతే కోర్టుకెళ్లొచ్చా?

లాభం లేదు. హామీ తప్పితే అమలు చేయించే చట్టం లేదు. ఓటే దారి.

పార్టీకి చందా ఇద్దామనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?

రసీదు, పార్టీ పేరు మీద బ్యాంకు ఖాతా. నాయకుడి సొంత ఫోన్‌పే నంబరుకు మాత్రం పంపకండి. 2,000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వకపోవడం మంచిది, ఆ పైన నగదు తీసుకుంటే పార్టీకి పన్ను మినహాయింపు పోతుంది. ఒక్కరే 20,000 దాటి ఇస్తే పార్టీ ఆ పేరు ఎన్నికల సంఘానికి చెప్పాలి. ఎవరిచ్చారో తెలియకుండా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇంకో ముఖ్యమైన విషయం. గ్రానైట్, ఇసుక, రియల్ ఎస్టేట్, ఆక్వా ఎగుమతులు, మన రెండు జిల్లాల్లో ఎన్నికల డబ్బు ఎక్కువగా తిరిగేది వీటి చుట్టూనే. నాయకుడు నిజాయితీపరుడే కావచ్చు, సభ ఖర్చు పెట్టినవాడు ఎవరో కూడా తెలుసుకోండి. ఆ ఖర్చుకు బదులు రేపు ఏం అడుగుతాడన్నదే అసలు ప్రశ్న.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, వాడు ఇవ్వొచ్చా?

భారత పాస్‌పోర్టు ఉంటే ఇవ్వొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే కుదరదు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా అంతే. విదేశీయుల దగ్గర పార్టీలు డబ్బు తీసుకోకూడదు.

నేను గవర్నమెంట్ టీచర్ని. సభ్యత్వం తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. గ్రూపుల్లో ప్రచారం చేసినా మెమో వచ్చే అవకాశం ఉంది, జాగ్రత్త. రిటైరయ్యాక మీ ఇష్టం.

టికెట్ ఇస్తామంటున్నారు. పోటీ చేయమంటారా?

ముందు ఖర్చు చూసుకోండి. అసెంబ్లీకి డిపాజిట్ 10,000, లోక్‌సభకు 25,000, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, మీకు పది మంది కావాలి. అభ్యర్థి ఖర్చు పరిమితి అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. నిజంగా ఎంత ఖర్చవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇల్లు తాకట్టు పెట్టి ఎమ్మెల్యేకు పోటీ చేయకండి, మీ పిల్లల కోసం చెబుతున్నాను. ముందు ఎంపీటీసీకో, మున్సిపల్ వార్డుకో నిలబడండి. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు లేకుండా జరిగేదే కాబట్టి అక్కడ మీ పేరే మీ బలం. పెద్ద నాయకుడు "డైరెక్ట్‌గా అసెంబ్లీకే" అంటే, ఆ నియోజకవర్గంలో ఎన్ని పోలింగ్ బూత్‌లకు ఏజెంట్లు దొరికారని అడగండి. బూత్‌లో కూర్చునే మనిషి లేనప్పుడు గాలి ఎంత ఉన్నా లెక్కింపు రోజు నిలబడదు.

గెలిచాక వేరే పార్టీలో కలిపేస్తే మా పరిస్థితి?

చట్టం మిమ్మల్ని కాపాడదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ఎమ్మెల్యేలు, ఎంపీలకే. వాళ్లకైనా మూడింట రెండు వంతుల మంది కలిసి విలీనం అంటే పదవి పోదు. కార్యకర్తను అడిగే పనే లేదు. తెలంగాణలో 2021 జులైలో మొదలైన వైఎస్సార్ తెలంగాణ పార్టీ అసెంబ్లీ ఎన్నికల్లో పోటీయే చేయకుండా 2024 జనవరిలో కాంగ్రెస్‌లో కలిసింది. మండలాల్లో ఫ్లెక్సీలు కట్టి, కేసులు పెట్టించుకున్న కుర్రాళ్లు ప్రతిసారీ మధ్యలో మిగిలిపోతారు. విలీనం చేయాలంటే సభ్యుల ఓటింగ్ తప్పనిసరి అని నియమావళిలో రాయించండి. మొదటి జవాబులో ఆ నియమావళి గురించి గొడవ చేసింది ఇందుకే.

కొత్త పార్టీకి ఓటేస్తే ఓటు చీలి పోతుందంటారు, నిజమేనా?

కొన్నిసార్లు చీలుతుంది, అందులో అబద్ధం లేదు. అయినా ఓటు మీది. రెండు పెద్ద పార్టీలూ మీ ఊరి నీళ్ల గురించి పట్టించుకోనప్పుడు మూడో వాడికి పడ్డ పదివేల ఓట్లు చూసే వాళ్లు మళ్లీ మీ గడపకొస్తారు.

ఆవిర్భావ సభకు వెళ్లమంటారా?

వెళ్లండి, వినండి. కానీ 2022 డిసెంబర్ 28న కందుకూరు రోడ్‌షోలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయిన సంగతి మర్చిపోకండి, 2025 సెప్టెంబర్‌లో పక్క రాష్ట్రం తమిళనాడులోని కరూర్‌లో సినీ నటుడు విజయ్ పార్టీ సభలో 41 మంది పోయారు. ఇరుకు సెంటర్లలో పెట్టే రోడ్‌షోలకు పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు. మైదానంలో అయితే స్టేజీకి దూరంగా, బయటికొచ్చే దారి దగ్గర నిలబడండి. నాయకుడు మూడు నాలుగు గంటలు ఆలస్యమైతే ఇంటికొచ్చేయండి, ప్రసంగం ఫోన్‌లో వినొచ్చు. నిర్వాహకుల్లో మీకు తెలిసినవాళ్లుంటే నీళ్లు, అంబులెన్స్, బయటికి ఎన్ని దారులు అని ముందురోజే అడగండి.